రెండు రైఫిళ్లు, ఒకే తప్పు

నిన్న ఆదివారం మా అమ్మాయి భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరుచుకుని రైఫిల్ శుభ్రం చేస్తూ, "అమ్మా, దీన్ని ఎప్పుడు కొన్నామో నీ పుస్తకంలో చూసి చెప్పవా? ఇన్సూరెన్స్ ఫారంలో డేట్ అడుగుతున్నారు" అంది. చూడనక్కర లేదు, నాకు తెలుసు. 2022 అక్టోబరు 15, శనివారం, మధ్యాహ్నం రెండూ ఇరవై. అయినా లేచి వెళ్లి పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకుని, గీత మీద వేలు ఆనించి మరీ చెప్పాను. ముప్పై నాలుగేళ్లు గుంటూరు జిల్లాలో లెక్కలు చెప్పినదాన్ని. కాగితం మీద లేనిదాన్ని నేను నమ్మను. కాగితం మీద ఉన్నదాన్ని కూడా రెండుసార్లు కూడి చూస్తాను. బల్ల దగ్గర నూనె వాసన వస్తోంది. ఆమె ఎడమచేత్తో రైఫిల్ గొళ్లెం లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ తోసింది. నేను వంటింట్లోకి వచ్చేశాను.

మా అమ్మాయి కెనడాలోని సస్కటూన్‌లో పశువుల డాక్టరు. చుట్టుపక్కల రైతుల ఆవులను చూస్తుంది. ఆ రైతుల్లో ఒక పెద్దాయన, వయసు డెబ్బై దాటి ఉంటుంది, ఏటా నవంబరులో తన పొలంలో జింకల వేటకు నలుగురైదుగురిని తీసుకెళ్తాడు. ఆ ఏడాది మా అమ్మాయిని రమ్మన్నాడు. ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా ఉన్నా, చెయ్యి కడుక్కుని బిల్లు ఇచ్చి వచ్చేయడమే తప్ప తనను మనిషిగా ఎవరూ ఎక్కడికీ పిలవలేదని ఆమెకు లోపల ఉండేదనుకుంటాను. కోర్సు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుంది. పెద్దాయన షరతు ఒక్కటే. వంద మీటర్ల దూరంలో అన్నం తినే కంచమంత వలయంలో, అయిదింట నాలుగు తూటాలు పడాలి. పడకపోతే చూడ్డానికి రావచ్చు, పేల్చడానికి లేదు. దెబ్బ సరిగ్గా తగలని జింక రెండు రోజులు పొదల్లో పడి చస్తుందట. ఆ మాట ఒక్కటే నాకాయనలో నచ్చింది.

మిగతాదంతా అనుమానమే. ఒక రైతు తన రైఫిళ్లు వాడుకోమని ఊరికే ఎందుకిస్తాడు? పాత సరుకు మా అమ్మాయికి అంటగట్టడానికేనని నేను తేల్చుకున్నాను. పైగా ఆ ఇంట్లో మొగుడిది ఒక కంపెనీ రైఫిల్, పెళ్లానిది ఇంకో కంపెనీది. ఆయనది అమెరికాది, ఆవిడది ఫిన్లాండుది. మా ఇంట్లో వెనకటికి కాఫీ పొడి ఏ కొట్లో కొనాలన్న దాని మీద ఇలాగే రెండు పార్టీలుండేవి. అమెరికాది ట్రాక్టరు లాంటిది, బురదలో పడేసినా పేలుతుందని ఆయన. దాని గొళ్లెం గులకరాళ్ల సంచీలా గరగరలాడుతుందని ఆవిడ. నాకు అర్థమైనంతవరకు ఆ జాతి రైఫిల్ అంటే తలుపు గడియే. ప్రతి తూటాకూ గొళ్లెం పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. గడియ వెయ్యడానికి రెండు దేశాల గొడవెందుకో నాకు తెలియలేదు. పొగిడే నోళ్లను పక్కనబెట్టి అంకెలు చూద్దామనుకుని, మడత కుర్చీ, స్కేలు, నోటు పుస్తకం పట్టుకుని శనివారాలు నేనూ వాళ్లు తుపాకీ సాధన చేసే రేంజికి బయల్దేరాను. మంకీ టోపీ మీద చెవులకు పెట్టే డిప్పలు పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి పెద్దాయన, ఈ ఇన్‌స్పెక్టరమ్మను ఏ ప్రభుత్వం పంపిందని అడిగాడట. మా అమ్మాయి చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు.

సెప్టెంబరు 24న అమెరికా రైఫిల్. కాగితం మీద నడిబొడ్డు నుంచి ఒక్కో తూటా ఎంత దూరంలో పడిందో సెంటీమీటర్లలో కొలిచాను. 22, 17, 25, 14, 21. మొత్తం 99. అక్టోబరు 1న ఫిన్లాండుది. 18, 24, 16, 23, 20. మొత్తం 101. అక్టోబరు 8న రెండూ మళ్లీ. ఫలితం మళ్లీ అదే. పక్కన "మెడ వంకర" అని కూడా రాసుకున్నాను. ఆమె రైఫిల్‌ను కుడిభుజానికి ఆనించి, తల మాత్రం కొంగలా అటు సాచి, ఎడమకంటిని రైఫిల్ మీద బిగించిన స్కోపు అద్దం దగ్గరికి తెచ్చేది. ఎడమకన్ను మూసుకోమని పెద్దాయన ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క కన్నూ మూయడం ఆమెకు చేతకాదు. మూస్తే రెండూ మూసుకుపోతాయి. ఇద్దరు వేరువేరు పిల్లలు ఒకే తప్పు జవాబు రాస్తే లెక్కల టీచరు ఏమనుకుంటుంది? కాపీ అనుకుంటుంది. నేనూ అలాగే, ముసలాయన రెండు స్కోపులనూ ఏదో చేసి ఉంచాడనుకున్నాను.

కారులో తిరిగి వస్తూ మా అమ్మాయి, "రైఫిల్స్‌దేం లేదమ్మా. నా చెయ్యే అంత. స్కూల్లో నువ్వే అనేదానివిగా, కోడి కెలికినట్టుందని. ఇప్పటికీ కుట్లు వెయ్యడంలో క్లినిక్‌లో అందరికన్నా నేనే స్లో" అంది. ఏడవలేదు. చేపలకు రెక్కలుండవని చెప్పినంత మామూలుగా చెప్పింది. కొత్త రైఫిల్ కొని ఇంకొక్కసారి ప్రయత్నిస్తాననీ, అదీ కాకపోతే పెద్దాయనకు ఫోన్ చేసి మానేస్తున్నానని చెబుతాననీ అంది.

అలా అక్టోబరు 15న కొట్టుకు వెళ్లాం. ఆ రోజుల్లో సస్కటూన్‌లో ఎక్కడ చూసినా మన పిల్లలే. ఒక సెమిస్టరుకూ ఇంకో సెమిస్టరుకూ మధ్య బస్సులో తెలుగు రెట్టింపయ్యేది. కాఫీ కొట్లో మనవాళ్లే, కూరల కొట్లో మనవాళ్లే. తుపాకుల కౌంటర్ వెనక కూడా మన పిల్లే కనిపించేసరికి నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. నిజామాబాద్ వైపు పిల్ల. కాలేజీలో చదువుతూ శని, ఆదివారాలు అక్కడ పని చేస్తోంది.

"తెలుగోళ్లా ఆంటీ? మీ మంకీ టోపీ జూసి అనుకున్న" అంది.

"నీకు తుపాకుల గురించి ఏం తెలుసమ్మా?" అన్నాను.

"లైసెన్స్ దీస్కున్న ఆంటీ, లేకుంటే ఈడ నిలబడనియ్యరు. మా ఊర్ల మక్కచేన్లకు అడవిపందులొస్తే డబ్బాలు గొట్టి ఎల్లగొట్టెటోళ్లం. గిప్పుడు ప్రమోషన్ అన్నట్టు."

ధర చీటీని నా చేతికి ఎడమచేత్తో అందించింది. పెద్దవాళ్లకు ఎడమచేత్తో ఇస్తుందేమిటి, పొగరు, అనుకున్నాను. ఖరీదైనదే చూపిస్తుంది, కమీషనుంటుంది, అని కూడా అనుకున్నాను. మా అమ్మాయి అమెరికాది కావాలంది, చవక కాబట్టి. ఆ పిల్ల తెచ్చి ఇచ్చి, భుజానికి ఆనించి చూసుకోమంది. మా అమ్మాయి ఆనించింది. కొంగ మెడ మళ్లీ సాగింది. పిల్ల రైఫిల్ తీసుకుని పక్కన పెట్టేసింది.

"అక్కా, ఒక పని జెయ్యి. రెండు చేతులు ముందటికి చాపి, నడుమ చిన్న కిటికీ లెక్క వెట్టు. రెండు కండ్లతోని ఆ గోడ మీది దుప్పి తలకాయ జూడు. ఇగ చేతులు మెల్లగ మొఖం దగ్గరికి తెచ్చుకో."

మా అమ్మాయి తెచ్చుకుంది. చేతుల కిటికీ తిన్నగా వచ్చి ఎడమకంటి ముందు ఆగింది. మళ్లీ చేయించింది. మళ్లీ అక్కడికే.

"గురి వట్టే నీ అసలు కన్ను ఎడమది అక్కా. నువ్వు ఎడమచేతిదానివా?"

"కాదే. ఐ యామ్ రైట్ హ్యాండెడ్."

"నేనైతే ఎడమచేతిదాన్నే. మా నాయనమ్మ మస్తుసార్లు కొట్టి జూసింది. నేనినలే" అని నవ్వి, లోపలికి వెళ్లి ఇంకో రైఫిల్ తెచ్చింది. దానికి గొళ్లెం ఎడమ పక్కన ఉంది. "ఎడమచేతోళ్లకు మా తాన గీ ఫిన్లాండ్‌దే ఉంది. రేటెక్కువ, అబద్ధమెందుకు."

ఆరువందల డాలర్లు ఎక్కువ. మా అమ్మాయి చీటీ చూసి, "వద్దులే, నాకెందుకు ఎడమది. ఆ అమెరికాదే ఇచ్చెయ్" అంది. పిల్ల నా వైపు చూసింది. అమ్ముడుపోవడానికి వేసిన ఎత్తు అని నేను ఒక్క మాట అంటే చాలు, బేరం అక్కడితో తెగిపోయేది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. మా అమ్మాయి కుడిచేత్తోనే పుట్టిందా, ఎడమచేత్తో పుట్టిందా అన్న సంగతి తెలిసిన మనిషిని బతికున్నవాళ్లలో నేనొక్కదాన్నే. నెల రోజులుగా రైతును, ఆయన పెళ్లాన్ని, రెండు దేశాల కంపెనీలను, చివరికి స్కోపుల అద్దాలను కూడా అనుమానించాను. మడత కుర్చీలో కూర్చుని స్కేలు పట్టుకున్న మనిషిని మాత్రం అనుమానించలేదు.

"ఎడమదే తీసుకో. మూడేళ్లప్పుడు నీది ఎడమచేతి వాటం. నేనే మాన్పించాను" అన్నాను.

మా అత్తగారు మాన్పించమనలేదు, మా ఆయనా అనలేదు. పదిమందిలో ఎడమచేత్తో ముద్ద కలుపుతుందేమో, పలకల మీద నా కూతురిదే వంకరగా ఉంటుందేమో అని నేనే అనుకున్నాను. ఆ చేతికి చేతిరుమాలు చుట్టి, మణికట్టు దగ్గర ముడివేసి, తింటున్నప్పుడూ రాస్తున్నప్పుడూ అలాగే ఉంచాను. ఇరవై ఒక్క రోజులు పట్టింది. ఏడిస్తే విప్పేదాన్ని కాదు. కుడిచేత్తో మొదటిసారి అఆలు పలక నిండా రాసిన రోజున ఊళ్లో వాళ్లకు మిఠాయి పంచినంత సంబరంతో నా పుస్తకంలో తేదీ వేసుకున్నాను.

మా అమ్మాయి తన ఎడమచేతిని తిప్పి అరచేతి వైపు చూసుకుంది, ఎవరో పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు.

"ఎప్పుడూ చెప్పలేదేం?" అంది.

"నువ్వు అడగలేదు."

ఆ జవాబు సరైనది కాదని అప్పుడే తెలుసు. నా క్లాసులో ఎవరైనా ఇలాంటిది రాస్తే సున్నా వేసేదాన్ని. కౌంటర్ పిల్ల మా ఇద్దరినీ చూసి, రైఫిల్ పెట్టె తెస్తానని గోడ వైపు వెళ్లిపోయింది. తెలివైన పిల్ల.

అక్టోబరు 22న రేంజిలో మా అమ్మాయి ఎడమభుజానికి రైఫిల్ ఆనించింది. మెడ నిటారుగా నిలబడింది. ఎవరూ చెప్పకుండానే కుడికన్ను దానంతటదే మూసుకుంది. 6, 4, 9, 5, 7. మొత్తం 31. నేను రెండుసార్లు కొలిచాను. పెద్దాయన కాగితం చూసి టోపీ తీసి, నవంబరులో పొద్దున్నే ఆరింటికల్లా రమ్మన్నాడు. ఆయన భార్య మాత్రం, ఇది ఫిన్లాండు గొప్పతనమని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నేను కాదనలేదు.

నిన్న తేదీ చెప్పాక, ఆమె ఫారంలో రాసుకుంటూ కూర్చుంది, ఇంకా కుడిచేత్తోనే. నేను పుస్తకం మూయకుండా గుమ్మంలో కొంచెంసేపు నిలబడ్డాను. పాత పుస్తకం, 1986ది, నా గదిలో పెట్టె అడుగున ఉంది. దానిలోని తేదీ ఏమిటని ఆమె ఇంతవరకూ అడగలేదు. మరిచిపోయిందో, దాచుకుందో, నన్ను వదిలేసిందో నాకు తెలియదు. "అమ్మా, పుస్తకం చూసి చెప్పు" అన్నప్పుడల్లా ఇదే ఆ ప్రశ్నేమోనని అనుమానపడుతూ లేస్తాను. మిగతా తేదీలన్నీ ఏటికేడూ పాతబడిపోతున్నాయి గాని, అడగవలసిన మనిషి అడగకుండా ఉంచిన ఆ ఒక్క తేదీ మాత్రం నిన్ననే వేసినట్టు ఉంటుంది.