మిరపచేనుకు పోయిన రెండో ఏడాది

శోభారాణి కాలేజీ మానేయలేదు. ఎవరడిగినా అదే చెప్పేది. ములుగు దగ్గరి పల్లెలో చేనంతా ఒక్కసారే ఎర్రబడింది, కూలీలు దొరకలేదు, తండ్రి రాయమల్లు హనుమకొండ హాస్టల్‌కు ఫోన్ చేశాడు.

"జర నాలుగు దినాలు రా బిడ్డా. ఏరుడు కాంగనే పోదువు."

మిరప ఏరే రోజుల్లో చదువుకునే పిల్లలు ఇంటికి రావడం ఆ వైపు మామూలే. బీకాం రెండో ఏడాది పుస్తకాలు మంచం కిందికి నెట్టి వెళ్ళింది. ఒక కోత అయ్యేసరికి రెండోది వచ్చింది, అంతలో తల్లి మొగిలమ్మకు నడుం పట్టేసింది. హాజరు చాలక పరీక్ష రాయనివ్వలేదు. సిగ్గుతో ఆమె మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. చదువెక్కడికి పోతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అందరం చెప్పుకునేదే అది.

హనుమకొండ పక్కనే మట్టెవాడలో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరింది. నర్సు కావాలన్న కోరిక మాత్రం పోలేదు. రెండేళ్లకు నర్సింగ్ డిగ్రీలో సీటొచ్చింది. ఆ రోజు ఆమె నేల మీద నడవలేదు. బీకాంకు కట్టినట్టే దీనికీ సర్కారే ఫీజు కడుతుందనుకుంది. తండ్రిని వెంటబెట్టుకుని సంక్షేమ ఆఫీసులో స్కాలర్‌షిప్‌లు చూసే సారంగపాణి సార్ దగ్గరికి వెళ్ళింది.

"డిగ్రీకని నీకు సర్కారు ఒకసారి ఇచ్చింది కదమ్మా. అది ఇడిసిపెట్టి ఇంకో డిగ్రీల చేరితే మళ్ళ ఇయ్యరు."

"నేను పూర్తి చెయ్యనేలే గద సార్?"

"చెయ్యకున్నా ఇచ్చినట్టే లెక్క. పాతదాంట్లనే చేరు. రెండో ఏడాదికి సర్కారు ఒకసారి కట్టింది గనుక ఈసారి ఫీజు నువ్వే కట్టుకోవాలె. హాజరు మంచిగుండి పాసైతే మూడో ఏడాదికి మళ్ళ అడగొచ్చు."

సొంతంగా ఫీజు కట్టే స్తోమత లేక నర్సింగ్ సీటు వదులుకుంది. బస్సులో ఏడ్చింది. తండ్రి మీద పీకలదాకా కోపం వచ్చి చాన్నాళ్లు మాట్లాడలేదు. చివరికి పాత బీకాంలోనే చేరింది. పగలు క్లాసులు, సాయంత్రం దుకాణం. తోటివాళ్లంతా తనకంటే చిన్నవాళ్లు, "అక్కా" అని పిలిచేవారు. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది.

మళ్ళీ చేను ఎర్రబడింది. ఒక పొద్దున మొగిలమ్మ ఫోన్ చేసింది. "కూలోళ్లు ఒక్కలు గూడ వస్తలేరు బిడ్డా. కాయ రాలిపోతాంది. మీ బాపు నీకాడికే బయలెల్లిండు."

కాలేజీ గేటు దగ్గర రాయమల్లు నిలబడి ఉన్నాడు. ఆయన రమ్మంటే తాను కాదనలేకపోతుంది. పోతే హాజరు పోతుంది, మూడో ఏడాది ఫీజూ పోతుంది. ఈసారి ఇక దారి లేదు.

ఆయన పల్లి ఉండల సంచి చేతికిచ్చాడు. లోపలికి పోతున్న పిల్లల్ని కాసేపు చూశాడు.

"ఏరుడు ఎట్లుంది బాపూ?"

"కూలోళ్లు దొరికిన్రు. నువ్వేం ఫికర్ చెయ్యకు. పో, గంట కొట్టిన్రు."

తిరిగి చూడకుండా బస్టాండు వైపు నడిచాడు. ఆ చేనంతా ఆయనొక్కడే ఏరుతాడని ఆమెకు తెలుసు. తెలిసే వెళ్ళి బెంచీలో కూర్చుంది. హాజరు పిలిచినప్పుడు ఆమె కిటికీలోంచి బస్టాండు వైపే చూస్తోంది. రెండోసారి పిలిచారు. "ప్రెజెంట్ సార్" అంది.