గడ్డపాయన పెట్టిన పదును

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. మంగలి కత్తి కొనుక్కొని ఇంట్లోనే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాను. ఓరోజు బస్టాండులో సంగారెడ్డి బస్సు కోసం కూర్చున్న నా చెంపల మీద, తెగిన చోటల్లా పేపరు ముక్కలు అంటించి ఉన్నాయి. బస్సు వచ్చేలోపు కాస్త పదును పెడదామని ఒళ్లో సానరాయి పెట్టుకొని నూరుతున్నాను.

పక్కనే ఒక గడ్డపాయన. ఆ గడ్డం చొక్కా పై గుండీలను కప్పేసింది. చాలాసేపు ఓర్చుకొని అన్నాడు:

"కొడవలి నూరుతున్నవా తమ్మీ? ఇటియ్యి."

రాయి మీద నీళ్లు చిలకరించి, కత్తిని పడుకోబెట్టాడు.

"దీని వీపు రాయి మీదికెల్లి లేవద్దు. తిప్పినా వీపు మీదనే తిప్పాలె. జోరు వెట్టకు, దాని బరువే సాలు."

చివరికి నా చెయ్యి పట్టుకొని ముంజేతి మీద కత్తి ఆనించాడు. వెంట్రుకలు రాలాయి, నాకు తెలియనే లేదు.

"గింత మంచిగ నూరుతవు, మరి నీకు గీ గడ్డమేందన్నా?"

ఆయన కత్తిని మెల్లగా మడిచి నాకిచ్చాడు.

"నూరెటోన్ని గద. ఎంత పదునున్నదో నాకెరుక. మొఖానికెట్ల వెట్టుకుంట?"

జిన్నారం బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

ఆయన చెప్పినట్టే నూరగా నూరగా పద్ధతి నాకూ పట్టుబడింది. ఇప్పుడు ఆ కత్తిని ముట్టుకోవాలంటే మా ఇంట్లో అందరికీ భయం, ముందు నాకు. నా చొక్కా పై గుండీలు ఊడిపోయి ఎన్నాళ్లయిందో, బయట ఎవరికీ తెలియదు.