కేసెట్టు మీద ప్లాస్టరు ముక్క

పాత వీడియో కేసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే కొట్టు ఒకటి కాకినాడలో ఉందని మా అమ్మాయి చెబితే, మొన్న నా పెళ్లి కేసెట్టు పట్టుకుని వెళ్లాను. కౌంటరు మీద డబ్బా తెరవగానే కర్పూరం వాసన గుప్పున వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ వాసన పూర్తిగా పోలేదు. కొట్టు కుర్రాడు కేసెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, దాని అంచున అంటించి ఉన్న పచ్చబడిపోయిన ప్లాస్టరు ముక్కను గోటితో గోకబోయాడు. “దాన్ని పీకకు బాబూ” అన్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా వార్డుల్లో వాడిన గొంతు కదా, ఆ అబ్బాయి చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లింది. తరువాత డబ్బా మీది బొమ్మ చూసి, “పెళ్లి కేసెట్టన్నారు కదా మేడమ్, ఇదేంటి?” అన్నాడు. బొమ్మలో కొమ్ములున్న కొండంత బల్లి ఒకటి ఓడను నోట కరుచుకుని నిలబడి ఉంది. చుట్టూ జపాను అక్షరాలు. కౌంటరు దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు కనక, జాగ్రత్తగా ఎక్కించమని చెప్పి వచ్చేశాను.

ఆ డబ్బా కరుణమ్మ గారిది. ఎనభైల మొదట్లో నేను అమలాపురంలో ఒక మిషను ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పుడు ఆవిడ మాకు హెడ్ నర్సు. అందరం సిస్టర్ గారూ అని పిలిచేవాళ్లం. పొట్టి మనిషి, చామనఛాయ, పెళ్లి చేసుకోలేదు. అంతకుముందు కొన్నేళ్లు కువైటులో పనిచేసి వచ్చారు. అక్కడి నుంచి వచ్చే మనవాళ్లు బంగారం, సెంటు సీసాలు, నైలాన్ చీరలు తెచ్చుకునే రోజులవి. ఈవిడ మాత్రం ఒక టీవీ, అన్ని దేశాల కేసెట్లూ ఆడే వీసీఆర్, ఒక ఇనప్పెట్టె నిండా జపాను వాళ్లు తీసిన రాకాసి సినిమాల కేసెట్లు తెచ్చుకున్నారు. సముద్రంలోంచి లేచి ఊళ్ల మీద పడే బల్లులు, రెక్కల పురుగులు, మూడంతస్తుల పీతలు. యాభైకి దగ్గర పడుతున్న ఆడమనిషికి ఇదేం సరదా అని ఆసుపత్రిలో అందరూ నవ్వేవారు. ఆవిడ ముందు కూడా నవ్వేవారు, అదేం ఆవిడకు పట్టేది కాదు. “నాకిష్టం అండి” అని ఊరుకునేవారు. ఇష్టానికి కారణం కూడా చెప్పాలని ఆవిడకు ఎవరూ నేర్పలేదనుకుంటాను.

నేను చేరిన కొత్తలో కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడిపోయిన ఒకాయన్ని మోసుకొచ్చారు. ఆ రక్తం చూసి నేను డాక్టరు గారి కోసం వార్డు మధ్యలోంచి పరుగు తీశాను. కరుణమ్మ గారు నా జబ్బ పట్టుకుని ఆపి, “నడు. గబగబా నడు. పరిగెత్తకు” అన్నారు, అంతే. కట్లు కట్టడం అయ్యాక చేతులు కడుక్కుంటూ, “నువ్వు పరిగెడితే మంచాల మీదున్నోళ్లంతా ఏదో ముంచుకొచ్చిందనుకుంటారమ్మాయ్. లేవలేని మనుషులు వాళ్లు, ఎక్కడికి పోతారు చెప్పు?” అన్నారు. నాకు రోషం వచ్చింది. ప్రాణం మీదికొస్తే పరిగెత్తరా అని లోపల గొణుక్కున్నాను. ఆ ఆదివారం చర్చి అయ్యాక నన్ను తన క్వార్టరుకు భోజనానికి పిలిచారు. చేపల పులుసు పెట్టి, ఆ తరవాత ఒక కేసెట్టు వేశారు. రాకాసి ఊళ్లోకి అడుగు పెట్టగానే జనం పరుగులు. ఆవిడ బొమ్మను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వేశారు. “మొదట పరిగెత్తిందెవరో చూడు. ఆ టోపీ ఆయన. మిగతావాళ్లు ఆయన్ని చూసి పరిగెడుతున్నారు. రాకాసిని సగం మంది చూడనే లేదు.” తరువాత అదే సినిమాలో ఆసుపత్రి సీను వచ్చింది. తెల్ల గౌను వేసుకున్న ఒక పిల్ల సీసాల ట్రే పట్టుకుని, అదురుతున్న వసారాలో నడిచి వెళ్తోంది. రెండు క్షణాల కన్నా ఉండదు. “అదీ” అన్నారు కరుణమ్మ గారు, తన దగ్గర చదువుకున్న పిల్లను చూపిస్తున్నట్టుగా. నా రోషం అక్కడితో సరి.

అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు నేనూ ఆ గదిలో చేరాను. కొత్త కేసెట్టు ఏదొచ్చినా ఆదివారం దాకా తెరవకూడదన్నది ఆవిడ నియమం. తన ఒక్కదాని కోసం వీసీఆర్ వేడెక్కించడం ఆవిడకు నచ్చదు. మా కోనసీమ చెమ్మకి టేపులకు బూజు పడుతుందని పెట్టెలో కర్పూరం వేసి, ప్రతి కేసెట్టునూ మధ్య మధ్య ముందుకీ వెనక్కీ తిప్పుతుండేవారు. కాపీలు ఉంచుకునేవారు కాదు. కంపెనీ వేసిన అసలు కేసెట్టు కావాలి, దాని డబ్బా కావాలి, డబ్బా మీద బొమ్మ కావాలి. అసలుదాన్ని ఎలా పోల్చుకోవాలో గల్ఫు వెళ్లే ప్రతివాళ్లకూ పాఠం చెప్పేవారు. “అంచున చిన్న కన్నం ఉంటుంది చూడండి. అక్కడుండే రేకు కంపెనీవాళ్లే తీసేస్తారు. ఈ కన్నం ఉన్నంతకాలం దీని మీద ఇంకోటి రికార్డవదు. ఎవరైనా దాని మీద ఏదన్నా అంటించేరా, సినిమా పోయినట్టే.” ఓడలరేవు అనే ఊరి నుంచి దుబాయి వెళ్లి బోట్ల మీద పనిచేసే సత్తిబాబు ఆవిడకు నమ్మకమైన మనిషి. వాళ్లమ్మకు ఆవిడ పురుడు పోసినప్పుడు పుట్టినవాడే అతను. పాపం అతనూ తప్పులు చేసేవాడు. ఒకసారి మా వీసీఆర్‌లో పట్టని చిన్న సైజు కేసెట్టు తెచ్చాడు. ఇంకోసారి మొసళ్లు గుడ్లు పెట్టడం మీద తీసిన డాక్యుమెంటరీ తెచ్చాడు. “పెద్దవే కదండీ అయ్యీ” అన్నాడు నెత్తి గోక్కుంటూ. “ఆయ్, పెద్దవేనయ్యా” అని ఆవిడ దాన్నీ పెట్టెలో పెట్టుకున్నారు.

ఆవిడ ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది మాత్రం ఒకటే సినిమా. కువైటులో నర్సుల హాస్టల్లో ఎవరో వేస్తే మొదట్లో కొంత చూశారట. కొమ్ముల బల్లి సముద్రం అడుగున పడుకుని ఉంటుంది. ఓడలవాళ్లు బాంబులు వేసి దాన్ని లేపుతారు. అది ఒడ్డెక్కుతుంది. అంతలో డ్యూటీకి పిలుపొచ్చి ఆవిడ వెళ్లిపోవాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి కేసెట్టు తెచ్చినవాళ్లు దాన్ని పట్టుకుపోయారు. ఆ బల్లి ఏమైందన్నది ఆవిడకు తెలియలేదు. “చచ్చిపోయే ఉంటుందిలెండి, సినిమాల్లో అంతే కదా” అని నేనొకసారి తేలిగ్గా అన్నాను. “నువ్వు చూసేవా?” అన్నారు. లేదన్నాను. “చూడకుండా చావు రాసేయకూడదమ్మా. నిద్రపోతున్నదాన్ని వీళ్లే లేపేరు. ఏ పేషెంటునైనా అలా లేపితే ఊరుకుంటారా? అదేమైందో తెలిసేదాకా నాకు ఆ కేసు ముగియదు.” నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట నిజం. కొత్త డబ్బా ఏదొచ్చినా బొమ్మ మీద కొమ్ములున్నాయా అని ముందు చూసుకునేవారు.

నా పెళ్లి కుదిరిన ఏడాదే మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. మా ఊరు రాజోలు దగ్గర. అక్కడి చర్చి అప్పటికింకా కట్టుబడిలో ఉండడంతో పెళ్లి అమలాపురంలో పెట్టుకున్నాం. రేవు దాటించి, బస్సెక్కించి ఆయన్ని కుదపొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. వాయిదా వేద్దామంటే నాన్నగారే ఒప్పుకోలేదు. “చూ...పించు” అన్నారు, ఎడమచేత్తో కంటి ముందు నలుచదరంగా గీసి చూపిస్తూ. పెళ్లి వీడియో తీయించి తెచ్చి చూపించమని. నేను మాట ఇచ్చాను. ఆ రోజుల్లో వీడియో తీయించడం మా తాహతుకు మించిన పనే అయినా, పెళ్లికి నేను అడిగింది అదొక్కటే.

పెళ్లి గురువారం. మంగళవారం సత్తిబాబు దుబాయి నుంచి దిగి, సిస్టర్ గారికి డబ్బా ఇచ్చి వెళ్లాడు. కొమ్ముల బల్లి, నోట్లో ఓడ. కరుణమ్మ గారు వార్డులోకి తెచ్చి నాకు చూపించారు. కన్నం ఉంది. అసలుదే. ఆవిడ ముఖం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. “ఇప్పుడే చూసేయండి సిస్టర్ గారూ” అన్నాను. “ఆదివారం చూద్దాం. నువ్వూ మీ ఆయనా రండి, నాన్నగారికి కేసెట్టు చూపించేక” అన్నారు.

గురువారానికి ముసురు పట్టి మూడో రోజు. బస్సులు సరిగ్గా తిరగడం లేదు. పెళ్లికి అంతా సిద్ధమయ్యాక వీడియో తీసే రాంబాబు బురదలో జారిన స్కూటరును తోసుకుంటూ వచ్చాడు. భుజాన ఉన్న కెమేరాకు ఏమీ కాలేదు గానీ, ఖాళీ కేసెట్ల సంచీ కాలవలో పడి మునిగింది. టేపుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. బజారులో ఖాళీ కేసెట్లు లేవు, రాజమండ్రి నుంచి సరుకే రాలేదట. పాస్టరు గారికి ఆ తరవాత ఇంకో ఊళ్లో ఎవరినో సమాధి చేసే ఆరాధన ఉంది, ఆగలేరు. చర్చి పక్క గదిలో పెళ్లిచీరతో కూర్చుని ఉన్న నాకు ఈ కబురు చెప్పారు. నాన్నగారు గాలిలో గీసిన ఆ నలుచదరం కళ్ల ముందు కనిపించి, ఏడుపు ఆగలేదు. కరుణమ్మ గారు గుమ్మంలోనే నిలబడి అంతా విన్నారు. గొడుగు తీసుకుని బయటికి వెళ్లారు. కిటికీలోంచి చూశాను. ఆవిడ క్వార్టరు పక్క వీధే. ఆ వానలో, ఆ బురదలో ఆవిడ గబగబా నడిచారు, పరిగెత్తలేదు.

తిరిగొచ్చి, చీర చెంగులోంచి డబ్బా తీశారు. చేతి సంచీలో ఎప్పుడూ ఉండే ప్లాస్టరు చుట్ట తీసి, ముక్క కత్తిరించి, కేసెట్టు అంచున ఉన్న కన్నం మీద అంటించి, సెలైన్ సూది మీద ఒత్తినట్టు బొటనవేలితో ఒత్తారు. “సిస్టర్ గారూ, అది...” అన్నాను. “ఏడవకమ్మాయ్. కాటుక కారిందంటే మీ నాన్నగారు నీకేదో అయిందనుకుంటారు” అన్నారు. కేసెట్టు రాంబాబు చేతిలో పెట్టి, “మొదటి నుంచి తియ్యండి బాబూ, ఆగకుండా” అన్నారు. నా చెంపలు తుడిచింది ఆవిడే.

ఆదివారం ఆవిడే వీసీఆర్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, బస్సులో, రేవు దాటించే పంటు మీద మాతో మా ఊరొచ్చారు. టీవీ ఎదురింటివాళ్లది. నాన్నగారిని దిండ్లకు చేరేసి కూర్చోబెట్టాం. పెళ్లంతా చూశారు. నేను నడిచొస్తుంటే ఎడమచెయ్యి ఎత్తారు, దీవిస్తున్నట్టు. ప్రమాణాలప్పుడు కళ్లు తుడుచుకున్నారు. మేము కారెక్కాం, బొమ్మ గజిబిజి అయింది, అయిపోయిందని నేను లేచాను. అంతలో తెర నిండా సముద్రం. ఒడ్డున కొమ్ముల బల్లి, వీపున ఏవో గుచ్చుకుని, రొప్పుతూ నిలబడి ఉంది. ఆపబోతుంటే నాన్నగారు ఎడమచెయ్యి అడ్డం పెట్టారు. కరుణమ్మ గారు కుర్చీ అంచుకు జరిగారు. సిపాయిలు తుపాకులు దించారు. అది ఊరి వైపు ఒకసారి తిరిగి చూసి, నెమ్మదిగా నీళ్లలోకి నడిచింది. మోకాళ్లు, నడుము, మెడ. చివరికి కొమ్ములు. ఆ పైన ఉత్త నీళ్లు, జపాను అక్షరాలు. నాన్నగారు, “చ...చ్చిందా?” అని అడిగారు. “లేదండి అన్నయ్య గారూ” అన్నారు కరుణమ్మ గారు. “ఇంటికెళ్లింది. మనం చూసేం కదండీ.” నాన్నగారు సగం ముఖంతో నవ్వారు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో పంటు మీద నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. సత్తిబాబు చేత ఇంకోటి తెప్పిస్తానన్నాను. “వద్దులే అమ్మా. మొదలు అక్కడ చూసేను, ఆఖరు ఇక్కడ చూసేను. మధ్యలో ఏముంటుంది, పరుగులే కదా” అన్నారు. కేసెట్టు వెనక్కి తీసుకోలేదు. డబ్బా లేకుండా దాన్ని ఉంచకూడదని డబ్బా కూడా నాకే ఇచ్చేశారు. ఆ చలికాలంలో నాన్నగారు పోయారు. కరుణమ్మ గారు రిటైరై, చాలా ఏళ్లకు పోయారు. ఆవిడ పోయాక కర్పూరం వేసేవాళ్లు లేక, ఆ పెట్టెలోని కేసెట్లన్నీ బూజు పట్టిపోయాయని విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఆవిడ దాచుకున్నవాటిలో బతికింది నా దగ్గరున్నదొక్కటే. తరవాత నేనూ హెడ్ నర్సునయ్యాను. ఎంతమంది కొత్త పిల్లల జబ్బ పట్టుకుని ఆపానో. వాళ్లకు ఈ కథ చెప్పలేదు. నడవమని మాత్రం చెప్పాను.

నిన్న కాకినాడ నుంచి కొట్టు కుర్రాడు ఫోను చేశాడు. “మేడమ్, పెళ్లి అయిపోయాక ఏదో బల్లి సినిమా ముక్క ఉందండి. కట్ చేసేయమంటారా?” అన్నాడు. వద్దన్నాను. అది పూర్తిగా నీళ్లలోకి వెళ్లిపోయేదాకా ఉంచమన్నాను.