వెనకాల ఏం వినిపిస్తోంది?

ఈ ఉదయం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె డబ్బాలోంచి పచ్చి మామిడికాయ తీసి తొడిమ విరిచింది. సొన వాసన గుప్పుమంది. నా చెయ్యి నాకు తెలియకుండానే బ్యాగులోని ఫోను కోసం వెతికింది. మామిడి సొనకీ ఫోనుకీ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ రెండూ కలిస్తే సుభద్ర మేడమే. ఆవిడ నూజివీడులో మామిడికాయల వ్యాపారుల ఇంటి కోడలు. ఆ ఊళ్లోనే నేను హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదివిన క్యాంపస్‌లో జర్మన్ చెప్పేవారు. నేను నోరు తెరిచి నలుగురిలో మాట్లాడుతున్నానంటే అది ఆవిడ చలవే.

క్యాంపస్‌లో మిగతా క్లాసుల్లో ఫోను కనబడితే లాక్కునేవారు. మేడమ్ మొదటిరోజే వచ్చి, "అందరూ ఫోన్లు బయటికి తీయండి" అన్నారు. ఎవరం కదల్లేదు. దొంగల్ని పట్టుకునే ఎత్తేమో అనుకున్నాం. "నిజంగానే అంటున్నానర్రా. అరవై మంది ఉన్నారు. ఒక్కొక్కరి చేత నాలుగు మాటలు పలికించేసరికి గంట కొట్టేస్తారు. ఇక మీకు భాష ఎప్పుడొస్తుంది?" అని ఆవిడే నవ్వారు. ఆవిడ పెట్టిన పద్ధతి ఇదీ: రోజూ ఒక్క నిమిషం జర్మన్‌లో మాట్లాడి వాయిస్ మెసేజ్ పంపాలి. మొదటిసారి ఎలా వస్తే అలాగే పంపాలి. చెరిపి మళ్లీ చెప్పడం ఒప్పుకోరు. "అరవై మందివీ మీరు వింటారా మేడమ్?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. "నేను వినకపోతే మీరెందుకు చెప్తారూ?" అన్నారావిడ. అన్నట్టే వినేవారు. బస్సులో వింటూ, వాళ్ల మామిడికాయల దుకాణంలో కూర్చుని వింటూ, అక్కడినుంచే జవాబులు పంపేవారు. ఆ జవాబుల వెనక లారీ హారన్లు, వేలంపాట అరుపులు, ట్రేలు సరిగ్గా పేర్చమని వాళ్ల మామగారి కేకలు వినిపించేవి.

మాది విస్సన్నపేట దగ్గర పల్లె. అమ్మ మామిడితోటల్లో కోతపనికి వెళ్లేది. తెలుగు మీడియంలోంచి వచ్చిన నాకు ఇంగ్లీషే ఇంకా నోటికి పట్టలేదు, పైగా జర్మనా! నాకున్న పెద్ద జబ్బేమిటంటే, ఒక్క తప్పు దొర్లితే చాలు, నోరు మూతపడిపోయేది. మొదటి సెమిస్టర్ నోటిపరీక్షలో రెండో వాక్యం దగ్గర తప్పు పలికి, మిగతా సమయమంతా నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. నా మొదటి వాయిస్ మెసేజ్ కూడా అలాంటిదే. "గూటెన్ మోర్గెన్" అని, నా పేరు మల్లేశ్వరి అని చెప్పడం వరకే నా గొంతు. తర్వాత నిమిషం నిండేదాకా హాస్టల్ ఫ్యాను కిర్రుకిర్రుమనడమే.

సిగ్గేసి ఒక ఉపాయం కనిపెట్టాను. దుప్పటి ముసుగేసుకుని, కాగితం మీద రాసుకున్నది చదివి పంపసాగాను. నాలుగోరోజు మేడమ్ వరండాలో ఆపారు. "ఏంటి మల్లేశ్వరీ, ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నావు? ఫ్యాను కూడా వినపడట్లేదే?"

"దుప్పట్లో అండీ."

ఆవిడ గోడ పట్టుకుని నవ్వారు. "దుప్పట్లో మాట్లాడే భాష ఎవరికి పనికొస్తుందమ్మా? బయటికెళ్లు. చుట్టూ ఏముంటే అది చెప్పు." ఆ రోజునుంచి నా ప్రతి మెసేజ్‌కీ జర్మన్‌లో ఒకటే ప్రశ్న వచ్చేది: నీ వెనకాల ఏం వినిపిస్తోంది? చచ్చినట్టు జవాబు చెప్పాల్సివచ్చేది. మెస్సులో గిన్నెల మోత, ఆటోవాడితో బేరం, బస్‌స్టాండులో కండక్టర్ కేకలు, అన్నీ చెప్పాను. తెలియని మాటలు ఫోనులోనే వెతుక్కునేదాన్ని. ఒక్కోసారి ఆవిడ మీద ఒళ్లు మండేది కూడా. వేసవి సెలవులకు ఇంటికి వెళ్లినా వదల్లేదు. అమ్మ కోతకెళ్లే తోటలో నిలబడి మాట్లాడుతుంటే తను వింత చూసేది.

"ఎవరితోనే ఆ గొణుగుడు?"

"మా మేడమ్‌తోనమ్మా, జర్మన్‌లో."

"ఆవిడకి తెలుగు రాదా పాపం?"

చివరి ఏడు వేసవిలో, యంత్రాలు తయారుచేసే ఒక జర్మన్ కంపెనీ చెన్నైలో ట్రైనీలను తీసుకుంటోందని తెలిసింది. మా క్యాంపస్ నుంచి ఒక్కరికే చోటు. అరగంట వీడియో ఇంటర్వ్యూ, మొత్తం జర్మన్‌లోనే. అప్పటికే రెండు కంపెనీల వాళ్లు నా మౌనం చూసి పంపించేశారు. ఇదీ పోతే ఇక నా వల్ల కాదని ఒప్పేసుకోవాలనుకున్నాను. మా ఇంట్లో సిగ్నల్ రాదు. తోటలో మోటారు షెడ్డు దగ్గర బాగా వచ్చేది. ట్రేలు పేర్చి వాటిమీద ఫోను నిలబెట్టాను. జవాబులు రాసిన కాగితాలు ఎదురుగా షెడ్డు గోడకు అంటించాను.

తెరమీద ఇద్దరు అధికారులు కనిపించారు. రెండు ప్రశ్నలకు గోడే కాపాడింది. మూడోదాని మధ్యలో తప్పు పలికాను. తప్పని తెలిసింది. అంతే, నోరు మూతపడింది. పరీక్షరోజు చూసిన నేలే మళ్లీ కనబడింది. వాళ్లలో పెద్దాయన చెవి ఒగ్గి, జర్మన్‌లో మెల్లగా అడిగాడు: "మీ వెనకాల ఏం వినిపిస్తోంది?"

నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. ఈ ప్రశ్నకా నేను జవాబు చెప్పలేనిది!

గోడవైపు చూడడం మానేశాను. కోతపని జరుగుతోందని చెప్పాను. చిక్కాన్ని జర్మన్‌లో ఏమంటారో తెలియదు. అందుకని ఫోను అటు తిప్పి, పొడవాటి కర్ర, చివర వల, కాయ నేలకు తగలకుండా అందులోకి జారుతుందని వివరించాను. తొడిమతో కోయకపోతే సొన కారి తొక్క మాడిపోతుందన్నాను. ఇంతలో అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోనులోకి తొంగిచూసి, "గూటెన్ టాగ్ అండీ!" అంది. రోజూ వింటోంది కదా, జర్మన్‌లో నమస్కారం పట్టేసింది. వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. ఈ కోత యంత్రంతో చేయొచ్చా అని అడిగారు. ఎందుకు కష్టమో పదినిమిషాలు వాదించాను. బోలెడు తప్పులు దొర్లే ఉంటాయి. ఒక్కటీ నన్ను ఆపలేకపోయింది.

వారం తర్వాత ఉద్యోగం వచ్చిందని కబురు అందింది. తోటంతా వినపడేలా కేక పెట్టి, మేడమ్‌కి ఫోన్ చేశాను.

"ఎన్ని తప్పులు మాట్లాడావు?" అన్నారు.

"లెక్కపెట్టలేదండీ."

"అబ్బ! ఇప్పుడొచ్చిందే నీకు జర్మన్." కాసేపటికి ఒక మెసేజ్ పంపారు. నా మొదటి వాయిస్ మెసేజ్. నాలుగేళ్లు దాచారు. దాని కింద, "చెరపకు" అని రాశారు. ఇప్పటికి మూడు ఫోన్లు మార్చాను. అది మాత్రం నాతోనే వస్తోంది.

ఇప్పుడు కొత్త ట్రైనీలకు మేడమ్ పద్ధతిలోనే నేను జర్మన్ నేర్పుతున్నాను. పొద్దున మామిడికాయ తొడిమ విరిచిన అమ్మాయి నిన్నటి మెసేజ్ పంపలేదు. ఎందుకని అడిగితే తల దించుకుంది. "పదిసార్లు రికార్డు చేశానండీ. బాగా రాలేదని చెరిపేశాను." నేను ఫోను తీసి నా మొదటి మెసేజ్, ఫ్యాను చప్పుడుతో సహా, వినిపించాను. నిమిషమంతా ఓపిగ్గా విన్నది. "పేరు చెప్పాక ఏమీ లేదు కదండీ?" అంది.

"అప్పుడు నేను అంతేనమ్మా," అన్నాను.

తర్వాత మేడమ్ ప్రశ్నే అడిగాను, జర్మన్‌లో. ఆ అమ్మాయి చుట్టూ చూసింది. కిటికీ బయట వాహనాల హోరు. నోరు తెరిచింది. మొదటి మాటే తప్పు పలికింది, నాలుక కరుచుకుంది, అయినా ఆగకుండా చెప్పుకుపోయింది.