మేక తిన్న పేజీ

సాయంత్రం సరిహద్దు గేటు మూసే గంట వినపడగానే నేను వెళ్ళి మా తలుపు వెనక నిలబడేదాన్ని, గడియ తీయకుండా. బయట చెప్పుల చప్పుడు ఆగేది.

"ఎవరు?"

"ఈ ఇంటాయన."

"ఎక్కడినుంచి?"

"గేటు నుంచి."

"ఏం పని మీద?"

దీనికి మాత్రం రోజుకో జవాబు. ఒకరోజు "ఆకలేసి" అనేవారు, ఒకరోజు "బనీను మార్చుకుపోదామని" అనేవారు. జవాబు నచ్చితేనే గడియ తీసేదాన్ని. వానలో తడుస్తూ వరసపెట్టి జవాబులు చెప్పిన రోజులూ ఉన్నాయి.

గంట ఇప్పుడూ వినపడుతుంది. ఆ వేళకు గడియ ముందే తీసి ఉంచుతున్నాను.

మా ఆయన ఆ గేటులో గుమాస్తా. అటునుంచి వచ్చేవాళ్ళలో ఎవరిని ఆపారు, ఎందుకు ఆపారు, ఎప్పుడు వదిలారు అని పెద్ద పుస్తకంలో రాయడం ఆయన పని. ఆపడం ఆఫీసర్ల పని. ఎవరిని ఆపినా ఈయన కలం పట్టుకుని, "కారణం సార్?" అనేవారట. ఆ మాటకే వాళ్ళకు ఒళ్ళు మండేది.

ఆ రోగం ఇంటికీ అంటింది. వంటింటి గుమ్మం పక్కన ఒక పలక వేలాడదీశారు. బయటికి వెళ్ళేవాళ్ళు ఎవరో, ఏం పని మీదో రాసి వెళ్ళాలి, వచ్చాక వచ్చినట్టు రాయాలి. రెండో తరగతిలో ఆగిన నా చదువు ఆ పలక మీదే మళ్ళీ మొదలైంది. పిల్లిని కూడా వదల్లేదు. 'పిల్లి, బయటికి, పని: చెప్పలేదు.' వెళ్ళినవాళ్ళంతా తిరిగి వచ్చినట్టు రాశాకే రాత్రి పలక తుడవాలి. తుడవడం నా వంతు. పిల్లి రాకపోతే ఈయన టార్చి పట్టుకుని వీధంతా వెతికేవారు. ప్రేమ కాదు, గడి ఖాళీగా ఉందని బాధ.

ఒకసారి ఆయన అక్క, మా వదిన, చుట్టపుచూపుగా వచ్చింది. పొద్దున్నే చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్తే అదీ రాయబోయారు.

"ఏరా తమ్ముడూ, పని కూడా రాస్తావా?"

"ఆ గడి ఖాళీ వదిలేస్తాలే అక్కా."

ఆవిడ ఆ తర్వాత చాలాకాలం మా ఇంటి గడప తొక్కలేదు.

ఇక మేక సంగతి. ఒక మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని గేటుకు వెళ్ళాను. ఆయన గదిలో బల్ల కాలికి ఒక మేక కట్టి ఉంది. గేటు పక్కన రేకుల ఇంట్లో ఉండే బోసినోటి అవ్వ మేక అది. రోజూ గీత దాటి అవతల గడ్డి మేసి వచ్చేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. కొత్తగా వచ్చిన ఆఫీసరు మాత్రం, "అనుమతి లేకుండా దాటింది, కట్టేయండి" అన్నాడట.

పక్క గదిలో ఇంకొకరున్నారు, తాళం వేసి. ఆయన కట్టుడు పళ్ళు చేసే మనిషి, అవ్వకు పళ్ళ సెట్టు తెస్తున్నాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంచి విప్పగానే లోపలి సెట్లన్నీ ఒక్కసారి ఇకిలించేసరికి ఆఫీసరు జడుసుకున్నాడు. జడుసుకున్నందుకు సిగ్గేసి, మనిషిని లోపల వేయించాడు.

మా ఆయన అదంతా పుస్తకంలో రాసి, కారణం దగ్గర ఆగి, అడగడానికి ఆఫీసరు దగ్గరికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మేక పని మొదలుపెట్టింది. నేను గుమ్మంలో అడుగుపెట్టేటప్పటికి కాగితం కొస ఈయన చేతిలో ఉంది, మిగతాది మేక నోట్లో ఉంది. ఇద్దరూ మొండివాళ్ళే. మేక గెలిచింది.

వెనకే వచ్చిన ఆఫీసరు అంతా చూశాడు. "పోనీలేవయ్యా. వానకు తడిసి పాడైందని రాయి."

"వాన పడలేదు సార్."

"అయితే ఏమీ రాయకు."

"మరి లోపలున్న మనిషి?"

"పుస్తకంలో లేనివాడు లోపల మాత్రం ఎలా ఉంటాడు? తీరిగ్గా చూద్దాం. రేపో, వారానికో. అడిగేవాడెవడు?"

"నేనున్నానండీ" అని తలుపు వెనక నుంచి వినపడింది.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు కోపం వచ్చేది చెవుల్లోనే. "అందుకే సార్ భయం" అన్నారు మెల్లగా. "అడిగేవాడు లేకపోతే ఆ మనిషికి ఆ గదిలోనే గడ్డాలు నెరుస్తాయి."

అంతలో అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నా మేకేది నాయనా? నా పళ్ళేవి?"

"పళ్ళ మనిషి ఎవరూ ఇక్కడ లేరు అవ్వా" అన్నాడు ఆఫీసరు.

"అయితే ఆ తలుపు వెనక తుమ్మింది ఎవరు, మీ మామగారా?"

మా ఆయన కూర్చుని కొత్త పేజీ తీశారు. పైకి చదువుతూ రాయసాగారు. "ముందు పేజీని మేక తిన్నది. మేకను ఇక్కడ కట్టించినది ఆఫీసరు గారు. తిన్న పేజీలో ఉన్నది పళ్ళు చేసే మనిషి. ప్రస్తుతం తాళం వేసిన గదిలో ఉన్నాడు. ఆపిన కారణం..." కలం ఎత్తి పట్టుకున్నారు. "కారణం సార్?"

ఆఫీసరు గోడకేసి చూశాడు. "సంచిలో పళ్ళు."

"ఎవరివి?"

"నాకేం తెలుసు?"

"నావి" అంది అవ్వ. అదీ రాశారు. సాక్షులు కావాలన్నారు. అవ్వ వేలిముద్ర వేసింది. తర్వాత నావైపు తిరిగారు.

"ఇలా రా, సంతకం పెట్టు."

"నేనా?"

"మేకను చూశావా, లేదా?"

పలక మీద నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే దించాను. చివరి అక్షరం గీత దాటి పక్క గడిలోకి పోయింది.

"ఏమయ్యా, ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?" అన్నాడు ఆఫీసరు.

"ఉంది సార్. ఇంట్లో ఈవిడుంది, పిల్లి ఉంది."

ఆఫీసరు పుస్తకం మీదికి వంగాడు. కారణం గడిలో పళ్ళున్నాయి. పక్కన, వదిలిన వేళ రాసే గడి ఖాళీగా ఉంది. పుస్తకం పై ఆఫీసుకు వెళ్తుంది. పళ్ళున్నందుకు ఒక మనిషిని ఎంతసేపు ఉంచారని అక్కడ లెక్కపెడతారు. ఆఫీసరు గొంతు తగ్గింది.

"వదిలినట్టు రాసెయ్యి."

"ముందు వదలండి సార్. తర్వాత రాస్తాను."

తాళం తీశారు. పళ్ళాయన బయటికి రాగానే అక్కడే స్టూలు మీద అవ్వను కూర్చోబెట్టి సెట్టు అమర్చాడు. అవ్వ రెండుసార్లు కొరికి చూసుకుని ఆఫీసరు వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ మాట నిలవక ఎవరినీ సరిగ్గా తిట్టలేకపోయాను నాయనా. నీతో మొదలుపెడతాను" అని మొదలుపెట్టింది. ఒక్క అక్షరం చెదరలేదు. మేక పక్కనే నిలబడి నెమరేసింది, మా పేజీనే.

కొన్నాళ్ళకు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పళ్ళ గురించి ఆఫీసరును సంజాయిషీ అడిగారు. మా ఆయన్నీ ఒకటి అడిగారు. మేకను లోపల కట్టినట్టు ఉంది, వదిలినట్టు లేదు, మేక ఎక్కడ? ఈయనకు అన్నం సయించలేదు. మర్నాడు అవ్వను బతిమాలి మేకను మళ్ళీ గదిలోకి తెచ్చి, పద్ధతిగా వదిలి, అప్పుడు రాశారు. ఈసారి పుస్తకం బీరువా మీద పెట్టి. ఆ ఏడు జీతం పెంచలేదు. దానికి బాధపడలేదు గానీ, "మేకను ఎలా మర్చిపోయానే" అని మాత్రం చాన్నాళ్ళు నిద్రలో కూడా గొణిగేవారు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున పలక మీద 'నేను, బయటికి, పని: సబ్బు' అని రాసి వెళ్ళారు. కొట్టు దగ్గరే గుండె ఆగింది. నలుగురూ మోసుకొచ్చారు, మళ్ళీ మోసుకుపోయారు. ఆ గందరగోళంలో పలక ఎవరికీ గుర్తురాలేదు. తర్వాత వదిన కొడుకు పలక చూసి, ఏం చెయ్యాలో తోచక, ఒక పెట్టెడు సబ్బులు తెచ్చి పెట్టాడు, పాపం.

వదిన తోడుగా ఉంటానని వచ్చింది. నిన్న పలక ముందు నిలబడి, "తుడిచెయ్యవే పిల్లా, ఎందుకు దాన్ని చూసుకుంటూ" అంది.

"తిరిగి వచ్చినట్టు రాయలేదుగా వదినా."

"నీకు రాయడం వచ్చుగా."

"వచ్చు."

ఇవాళ వదిన పొద్దున్నే చెంబు పట్టుకుని పెరట్లోకి బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగింది. సుద్దముక్క తీసుకుని తమ్ముడి వరస కింద 'అక్క, పెరట్లోకి' అని రాసింది. కాస్త ఆలోచించి, పని కూడా రాసింది. ఆయన పోయాక నేను నవ్వింది అదే మొదలు. తిరిగొచ్చి, వచ్చినట్టు కూడా రాసింది.

రాత్రి పిల్లి వచ్చింది. తడిగుడ్డ తీసుకుని పిల్లిని తుడిచాను, వదినను తుడిచాను. పై వరస తుడవకుండా గుడ్డ పిండి ఆరేశాను.