లో గేరులో గుట్ట ఎక్కిన రోజు

విత్తన పత్తి బాగా పండించిన రైతులను కంపెనీవాళ్లు నల్లమల గుట్టల్లో జీపుల మీద తిప్పుకొస్తారట, అందులో మా పేరు కూడా వచ్చిందని మా ఆయన చెప్పినప్పుడు నేను పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతున్నాను. చెయ్యి అట్లాగే ఆగిపోయింది. మా పేరంటే ఆయన పేరే. పట్టా ఆయనది, కంపెనీ పుస్తకంలో రాసింది ఆయన్ని. అయినా చేతిలోని పిండి ముద్ద వదిలేసి ఆయన వైపు తిరిగాను.

"నేనైతే పోను," అన్నాడు ఆయన వెంటనే. "పెబ్బేరు పోయేవరకే రెండుసార్లు కక్కుతా. గుట్టల మీద జీపంటే నాతోని కాదు. అమ్మా, నువ్వూ కోడలూ పోండ్రి."

మా అత్త అప్పటికే అరవై దాటిన మనిషి. మా ఊరు ఇటిక్యాల దాటి ఆమె వెళ్లిన ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వద్దంటుందనుకున్నాను. గోడకు ఆనుకొని కూర్చున్నదల్లా నిటారుగా అయి, "ఆడ చలి ఉంటదా?" అని అడిగింది.

పేర్లు రాసుకోవడానికి వచ్చిన కంపెనీ మనిషి మాత్రం గొణిగాడు. "ఆడోళ్లకు కష్టమైతదమ్మా, తొవ్వ మంచిగుండదు."

"పొద్దుగూకితే మొగ్గలు గిల్లింది ఎవరు? తెల్లారి పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దింది ఎవరు?" అని అత్త ఎదురడిగింది. "నేనూ, నా కోడలు. మీ విత్తనం ఆడోళ్ల చేతుల మీదనే అయితది. జీపుకాడికొచ్చేసరికి ఆడోళ్లు పనికిరారా?"

అతను రెండు పేర్లూ రాసుకున్నాడు.

ఇది రెండువేల ఎనిమిది ప్రాంతంలో సంగతి. అప్పటికింకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే జిల్లా. అంతకు కొన్నేళ్ల ముందైతే నల్లమల అనగానే నక్సలైట్ల భయంతో జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఇప్పుడు అక్కడికి షికారుకు పోతున్నామంటే వీధిలో ఎవరూ నమ్మలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ఈ ప్రయాణానికి రెండేళ్ల ముందు, సరిగ్గా దుక్కుల వేళ, మా ఆయన కాలు విరిగి మంచంలో పడ్డాడు. కిరాయి డ్రైవర్ల కోసం తిరిగి తిరిగి విసిగిపోయి, మా ట్రాక్టర్ నేనే ఎక్కాను. మంచంలో నుంచి ఆయన చెప్పింది విని, మా తమ్ముడు పక్కన నిలబడి చూపించింది చూసి, వారంలో నేర్చుకున్నాను. నాలుగెకరాలు దున్నాను. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడి చూసింది. మా అత్త మాత్రం ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్లిచ్చేది, మాట లేదు. ఆమెకు నామోషీ అయి కోపమొచ్చిందనుకున్నాను. ఆయన లేచాక కూడా నేను నడుపుతూనే ఉన్నాను గానీ, ఆమె ఎదుట ఆ ఊసెత్తేదాన్ని కాదు.

మాఘమాసంలో ఒక పొద్దున కంపెనీ వ్యాను వచ్చింది. బీచుపల్లి వంతెన మీద కృష్ణకు దండం పెట్టుకొని, పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటి, సాయంత్రానికి అడవి అంచునున్న మన్ననూరు చేరాం. దారి పొడుగునా అత్త కిటికీ వదల్లేదు. మోదుగులు అప్పుడే పూస్తున్నాయి. ఎర్రటి పువ్వులు కనబడ్డప్పుడల్లా నా భుజం గిల్లి చూపించింది.

తెల్లవారి బస ముందు మూడు జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. టాపు లేదు, పట్టుకోవడానికి ఇనుప రాడ్లు, టైర్లకు లోతైన పళ్లు. మమ్మల్ని తిప్పే గైడు నాగర్‌కర్నూల్ మనిషి, మిలిటరీలో బండ్లు నడిపి వచ్చినాయన. మీసాలు దువ్వుకుంటూ, "ముందటి బండి నాది. ఎవరు కూసుంటరు?" అన్నాడు. అందరికంటే ముందు మా అత్త వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక ఎక్కాను. నా పక్కన అలంపూర్ దిక్కు రైతు ఒకాయన, తెల్ల బట్టల్లో. సొంత కారుందని బయలుదేరిన అయిదు నిమిషాల్లోనే మూడుసార్లు చెప్పాడు.

తారు రోడ్డు దిగగానే అసలు సంగతి మొదలైంది. జీపు ఒక గుంతలో మునిగి, రాయెక్కి, ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేచింది. కొమ్మలు నెత్తి మీద రాసుకుపోతున్నాయి. ఎండిన వాగులో గుండ్ల మీద నుంచి పోతుంటే నా పళ్లు టకటక కొట్టుకున్నాయి. భయపడాల్సింది, నవ్వొచ్చింది. ముందు సీట్లో అత్త ఎగిరెగిరి పడుతూ, "ఓ నాయనో! ఓ నాయనో!" అని అరుస్తోంది. వద్దంటుందేమో, ఆపమంటుందేమో అనుకుంటే, "ఇంకా జోరుగ పోనియ్యి!" అంది.

"జోరు కాదు పెద్దమ్మా," అని గైడు నవ్వాడు. "గుట్ట మీద నిదానమే బలం. గిది చూడు, లో గేరు. గిది ఏస్తే బండి చీమ లెక్క పోతది, గోడైనా ఎక్కుతది."

పెద్ద గేరు పక్కనున్న ఆ చిన్న కడ్డీని నేను వెనక నుంచి మెడ చాచి చూశాను. మా ట్రాక్టర్‌కూ ఇట్లాంటిదే ఉంది. దున్నేటప్పుడు లో, రోడ్డు మీద హై. తెలిసిన మనిషి పరాయి ఊర్లో ఎదురైనట్టు అనిపించింది.

ఒక ఎత్తు ముందు గైడు బండ్లన్నీ ఆపించాడు. పైకి చూస్తే దారి కనబడలేదు, ఎర్రమట్టీ రాళ్లూ కలిసిన వాలు కనబడింది. "డ్రైవింగ్ వచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే ఈ ఒక్కటి నడుపుండ్రి. పక్కన నేనుంటా, పరేషాన్ కాకుండ్రి," అన్నాడు.

కారాయన వెంటనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. మేమంతా దిగి పక్కన నిలబడ్డాం. సగం దాకా రయ్యిమని పోయాడు. అక్కడ చక్రం జారింది. బెదిరి ఎక్సలేటర్ వదిలేశాడు. ఇంజన్ ఆగిపోయి జీపు వెనక్కి జారింది. గైడు హ్యాండు బ్రేకు లాగి ఆపాడు. బండిని మెల్లగా కిందికి తెచ్చాక కారాయన చెమట తుడుచుకుంటూ దిగి, "బండిలనే ఏదో ఖరాబున్నది," అన్నాడు.

"ఇంకెవరన్నా?" అన్నాడు గైడు. మగవాళ్లంతా వాలు వైపు చూశారు, తర్వాత చెట్ల వైపు చూశారు.

"మా కోడలు నడుపుతది."

గొంతు మా అత్తది. నేను ఉలిక్కిపడ్డాను.

"అత్తా, ఏందిది?"

"ఏందంటే? నాలుగెకరాలు దున్నినదానివి, గీ గుట్ట ఎక్కలేవా?" అని, గైడు వైపు తిరిగి, "ట్రాక్టర్ నడుపుతది. సాళ్లు తాడు పట్టినట్టు ఉంటయి. మా ఊర్లె మొగోళ్లకు కూడా గట్ల రాదు," అంది.

నా చెవులు వేడెక్కాయి. రెండేళ్లుగా ఆ సాళ్లను ఆమె చూడనే లేదనుకున్నాను. కొంగు నడుముకు చుట్టి దోపుకున్నాను, చెప్పులు విడిచాను. స్టీరింగు ముందు కూర్చునేసరికి అత్త వెనక సీట్లోకి ఎక్కేసింది. గైడు దిగమన్నా దిగలేదు. "నా కోడలు నడిపితే నేను కింద ఎట్లుంటనయ్యా?" అంది. ఆయన నవ్వేసి, రాడ్డు గట్టిగా పట్టుకోమన్నాడు.

క్లచ్చి నొక్కి లో గేరు వేశాను. బండి మూలిగి కదిలింది. "అంతే, అంతే అక్కా. కాలు తియ్యకు, గట్టిగ తొక్కకు," అంటున్నాడు గైడు. ముందు చక్రాలు పైకి లేచాయి. దారి మాయమైంది, ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. అలవాటు కొద్దీ నాగలి చూసినట్టు వెనక్కి తిరిగాను. "ఎన్కకెందుకే చూస్తవు, ముందటికి చూడు!" అని అత్త కసిరింది. ఆ కారాయన ఆగినచోటే చక్రం జారింది. రాళ్లు టపటపా ఎగిరాయి. పొలంలో దిగబడ్డప్పుడు ఏం చేస్తామో అరికాలికి తెలుసు. ఎక్సలేటర్ అట్లాగే నిలిపి, స్టీరింగు కొంచెం ఎడమకూ కొంచెం కుడికీ ఆడించాను. టైరుకు గట్టి నేల దొరికింది. బండి ఒక్క కుదుపుతో పైకొచ్చేసింది.

ఇంజన్ ఆపగానే కింద నుంచి చప్పట్లు వినబడ్డాయి. నాకు ఆగకుండా నవ్వొస్తోంది. అత్త వెనక నుంచి నా మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. పెళ్లయి పదకొండేళ్లు, అట్లా పట్టుకోవడం అదే మొదలు.

మిగతావాళ్లూ వెనక బండ్లలో పైకొచ్చారు. పైన చదునుగా, గాలిగా ఉంది. అంచుకు పోయి చూస్తే కింద గుట్టల మధ్య సన్నగా నీళ్లు మెరుస్తున్నాయి.

"గదేం వాగు?" అంది అత్త.

"వాగు కాదు పెద్దమ్మా, కృష్ణమ్మ."

"మా బీచుపల్లి కాడ పారేదేనా? గింత దూరమొచ్చిందా!" అని, చాలాసేపు అట్లాగే చూస్తూ నిలబడింది.

అప్పుడు అడిగాను. "అత్తా, నేను దున్నినప్పుడు వారం దినాలు నాతోని మాట్లాడకపోతివి. కోపం వచ్చిందనుకుంటి."

"కోపమెందుకే? భయమైంది. ఒకడు మంచంల పడె. నువ్వు బోల్తపడితే నా గతేంది? నోరు తెరిస్తే వద్దంటనేమోనని మూసుకున్న. రోజూ గట్టు మీది తుమ్మచెట్టు ఎన్క కూసొని చూస్తుంటి, నీకు తెల్వదు."

ఆమె మూటలోంచి సద్దరొట్టె తీసి సగం తుంచి నా చేతిలో పెట్టింది.

దిగేటప్పుడు కూడా బండి నాకే ఇచ్చాడు గైడు. బ్రేకు తొక్కకుండా లో గేరు మీదే దింపాలన్నాడు. ఎక్కడం కంటే అదే కష్టం, అదే బాగుంది. కారాయన వెనక సీట్లో రాడ్డు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. కింద దిగాక మర్యాదగానే, "మంచిగ నడిపినవమ్మా," అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఇంటికి చేరాం. ఒంట్లో నొప్పి లేని ఎముక లేదు. మా ఆయన అరుగు మీద నుంచి లేచి, "ఎట్లున్నది?" అని అడిగాడు. నేనూ అత్తా ఒక్కసారే మొదలుపెట్టాం. నేను వాలు గురించి, ఆమె చప్పట్ల గురించి, ఇద్దరం చేతులు తిప్పుతూ, ఒకరి మాట ఒకరం లాక్కుంటూ. ఆయన కాసేపు ఆమె వైపూ కాసేపు నా వైపూ చూసి, "జర ఒకరెన్క ఒకరు చెప్పుండ్రి," అని బతిమాలాడు.