గీత ఉన్నంతసేపూ తొక్కాను

పెళ్లికొడుకు పందిట్లో కాలు పెట్టకముందే పెళ్లివాళ్లందరినీ బావురుమనిపించిన మనిషి గురించి మీరు విని ఉండరు. ఇప్పుడు వింటారు. ఆ మనిషిని నేనే. తిట్టాలనిపిస్తే ఆఖరిదాకా ఆగి తిట్టండి, సగంలో మొదలుపెడితే చివరికి మీ దగ్గర తిట్లు మిగలవు.

మాది కామాఠీపురా. చాల్‌లో, అంటే వరస గదుల మేడలో, రెండో అంతస్తు, ఒకటే గది. ఒక మూల అమ్మ వంట, ఇంకో మూల నా కుట్టుమిషన్. జాకెట్లు కుట్టడం నా పని. మా మేనమామ యాదగిరికి చిన్న పాటల పార్టీ ఉంది. ఇక్కడి తెలుగు పెళ్లిళ్లలోనూ వర్లీ చాళ్లలోనూ వాయిస్తారు. ఆయన ఒకరోజు నాగ్‌పాడాలో వాయిద్యాలు బాగుచేసే దుకాణం నుంచి ఒక పెడల్ స్టీల్ గిటార్‌ను, నచ్చకపోతే తిరిగి ఇచ్చే మాట మీద, మోయించుకొచ్చి మా గదిలో దింపాడు.

గిటార్ అంటే మీరు ఒళ్లో పెట్టుకునేది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వచ్చింది మాత్రం బల్ల. బల్ల మీద తీగలు, కింద పెడళ్లు. ఎడమ చేత్తో ఒక ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతూ కుడి చేత్తో మీటాలి. పెడల్ తొక్కితే తీగ బిగిసి స్వరం పైకి జారుతుంది. మామకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి కూర్చుని వాయించి చూశాడు, తర్వాత ఆయన్ని లేపడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది.

"నీకు తొక్కుడు అలవాటే గదా," అన్నాడు మామ, నడుము పట్టుకుని. "నువ్వు నేర్చుకో."

ఈ ముక్క దగ్గరే నేను జాగ్రత్త పడాల్సింది. పడలేదు.

పక్కగది సాయమ్మత్త తలుపులోంచి తొంగిచూసి, "కొత్త మిషనా? ఫాల్ గూడ కుడుతదా?" అని అడిగింది. అమ్మకు ఒళ్లు మండింది.

"ఇంట్ల కాళ్లు చాపుకునే జాగా లేదు. రేణుక లగ్గంల మంచిగ వాయిస్తే ఉంటది. లేకుంటే మర్నాడే నాగ్‌పాడాకు వాపస్," అని తేల్చేసింది.

నాకేమో అప్పటికే ఆ వాయిద్యం మీద మనసు పడిపోయింది. జాకెట్టు ఎంత బాగా కుట్టినా చంక దగ్గర బిగుతుగా ఉందంటారు. ఇదైతే స్పీకర్‌కు తగిలించి ఒక్క తీగ మీటితే చాలు, గదంతా నిండిపోయేది. దాన్ని తిరిగి ఇచ్చేయడమంటే నాకు ప్రాణం పోయినట్టే.

రేణుక ఆ సాయమ్మత్త కూతురు. పెళ్లికొడుకు మహేశ్‌ది సరిగ్గా వాళ్ల పైగది, మూడో అంతస్తు. పైన ఆరేసిన బట్టల నీళ్లు కింద ఆరేసిన బట్టల మీద కారుతున్నాయని ఆ రెండిళ్లకూ ఏళ్ల తరబడి గొడవ. పిల్లలు ప్రేమించుకున్నారు కాబట్టి పెద్దవాళ్లు ఒప్పుకున్నారు గానీ, సాయమ్మత్త ముఖం మాత్రం ముడుచుకునే ఉంది.

"అప్పగింతలప్పుడన్న ఏడువవా అత్తా?" అని అడిగాను జాకెట్టు కొలతలు తీసుకుంటూ.

"ఏడుసుడెందుకే? ఏడికి పోతుంది? మెట్లెక్కి పైకే గదా," అంది.

పెళ్లికొడుకు వచ్చేటప్పుడు వాయించడానికి మామ ఒక హుషారైన బిట్ ఎంచాడు. మొదటి సగం ఫోన్‌లో విని విని, వాయించి వాయించి, చెవితోనే పట్టాను. మామ స్పీకర్ పెట్టి విన్నాడు. "మస్తుగున్నది," అన్నాడు. రెండో సగం వేగం ఎక్కువ, చెవికి అందలేదు. అప్పుడు ఆయన ఎక్కడినుంచో ఒక కాగితం ప్రింట్ తీయించి తెచ్చాడు. దాన్ని ట్యాబ్ అంటారట. ఒక్కో తీగకు ఒక్కో వరుస. వరుస పొడవునా చిన్న చిన్న గీతలు, మధ్యమధ్యలో అంకెలు, కొన్ని అంకెల పక్కన ఎ అనే అక్షరం.

"అంకె ఉన్నకాడ కడ్డీ పెట్టాలె. ఎ ఉన్నకాడ ఎ పెడల్ తొక్కాలె. అంతే," అని చెప్పి, ప్రోగ్రాం ఉందని వర్లీ వెళ్లిపోయాడు.

మరి ఆ గీతలేమిటో చెప్పలేదు. అవి ఖాళీ జాగా, ఊరికే తీగను చూపించే గీతలని నాకెలా తెలుస్తుంది? దర్జీని. చిన్నప్పటి నుంచీ కాగితం మీద తెగి తెగి ఉన్న గీత కనిపిస్తే నాకు ఒకటే అర్థం, ఇక్కడ కుట్టు వేయాలని. కుట్టు అంటే గీత అయిపోయేదాకా కాలు ఆగకూడదు.

తొక్కాను. ఎ కనిపించగానే మొదలుపెట్టి, గీతలు ఉన్నంతసేపూ పెడల్‌ను మిషన్ తొక్కినట్టే ఆడించాను. స్వరం కొంచెం వణికినట్టు అనిపించింది. కానీ స్పీకర్ పెడితే పైనుంచి మహేశ్ వాళ్లమ్మ కర్రతో నేల పొడుస్తుంది కాబట్టి అది లేకుండానే సాధన చేశాను. స్పీకర్ లేకపోతే ఈ వాయిద్యం దోమ పాడినట్టు ఉంటుంది. వణుకు అందుకేలే అనుకున్నాను. చెవి వద్దంటున్నా కాగితాన్నే నమ్మాను. మామ ఫోన్ చేస్తే, "మొత్తం వచ్చేసింది మామా," అని గర్వంగా చెప్పాను.

పెళ్లిరోజు చాల్ ముందు పందిరి. మహేశ్‌ను మూడో అంతస్తు నుంచి దింపి, ఫాక్‌లాండ్ రోడ్ మూలదాకా ఊరేగించి, మళ్లీ అదే చాల్‌కు తీసుకొచ్చారు. వచ్చాడు. మామ కీబోర్డు దగ్గర నుంచి తల ఊపాడు. నేను మొదలుపెట్టాను.

మొదటి సగం అదిరింది. చప్పట్లు, ఈలలు. అమ్మ ముఖంలో కూడా నవ్వు చూశాను. తర్వాత మొదటి ఎ వచ్చింది.

ఇంత పెద్ద స్పీకర్లలోంచి ఒక్కసారిగా ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. నిజం చెబుతున్నాను, నేను కూడా ఎవరా అని తల తిప్పి చూశాను. చూస్తూనే తొక్కుతున్నాను, గీత ఇంకా ఉంది కదా.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన రేణుక నాయనమ్మ బాలమ్మ ముందు అందుకుంది. "నా బిడ్డా, నన్నిడిసి పోతున్నవా," అని రాగం తీసింది. ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లంతా కొంగులు కళ్లకు అద్దుకున్నారు. ఎదురు చాల్ నుంచి ఒక మరాఠీ ఆవిడ కిటికీలోంచి వంగి, "కోణ్ గేలం?" అని అడిగింది. ఎవరు పోయారని. పెళ్లికొడుకు ఒక కాలు పందిట్లో, ఒక కాలు బయట పెట్టి, తనకే ఏదో అయిందేమోనన్నట్టు ఒళ్లంతా తడుముకున్నాడు.

మామ కీబోర్డు వదిలి నా దగ్గరికి వంగాడు. "ఏం చేస్తున్నవే?"

"ఎ తొక్కుతున్న మామా."

"ఎంతసేపు తొక్కుతవ్?"

"గీత అయిపోయేదాకా."

"గీతనా? ఏ గీత?"

"గిది. కుట్టు గీత."

మామ కాగితం చూశాడు, నా కాలు చూశాడు, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆపు తల్లీ, నీ కాళ్లు మొక్కుతా."

ఆపాను. కళ్ల ముందు నాగ్‌పాడా దుకాణం, దాని ముందు దిగుతున్న నా గిటార్ కనిపించాయి. ఏడుపొచ్చింది. అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నన్నెవరూ పట్టించుకోలేదు.

అప్పుడు చూశాను. సాయమ్మత్త లేచి, రేణుకను పట్టుకుని, పసిపిల్లలా ఏడుస్తోంది. ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్న ఏడుపు అది. పెళ్లికొడుకు తల్లి కూడా కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"ఏడువకు వదినా. నీ బిడ్డ నా బిడ్డే. ఇగ నుంచి బట్టలు పిండి ఆరేస్తా. ఒక్క సుక్క కారనియ్య," అంది.

ఆ మాటకు సాయమ్మత్త ఏడుపులోంచే నవ్వింది. అది విని రేణుక నవ్వింది. పెళ్లికొడుకు ధైర్యం చేసి రెండో కాలు లోపల పెట్టాడు.

బాలమ్మ ముక్కు చీది నా వైపు తిరిగింది. "ఓ పిల్లా, మంచిగ ఏడిపిస్తున్నవ్. అప్పగింతలప్పుడు గూడ గిదే వాయించు."

నేను భయంభయంగా అమ్మ వైపు చూశాను. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమేనని ముక్కు చూస్తేనే తెలుస్తోంది. "వాపస్ అక్కెర లేదు, ఉండనియ్యి. బియ్యం డబ్బా జరుపుతా," అంది. పోయిన ప్రాణం మళ్లీ వచ్చి కూర్చుంది.

తర్వాత మామ దగ్గర కూర్చుని ట్యాబ్ చదవడం సరిగ్గా నేర్చుకున్నాను. ఈమధ్య వర్లీలో ఒక పెళ్లికి అదే బిట్‌ను తప్పు లేకుండా, గీతల జోలికి పోకుండా వాయించాను. మా చాల్ పెళ్లి సంగతి విన్న పెళ్లికూతురి తల్లి వచ్చి చెవిలో మెల్లగా అడిగింది: "ఏం బిడ్డా, పెడల్ ఖరాబైందా? ఒక్కలకు గూడ ఏడుపొస్తలేదు."

అందుకని నా కత్తెర మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. కాగితం మీద గీత కనబడితే అది కుట్టేదా, వాయించేదా అని మామను అడగకుండా ఈ జన్మలో కాలు కదపను. ఒక్క అప్పగింతలకు తప్ప. అప్పగింతలకు గీత లేకపోయినా తొక్కుతాను.